మల్లిక మోకాలు

మందుల కిటికీ ముందు వరుస జరగడం లేదు. మల్లిక ఎడమ కాలి మీద బరువంతా వేసి, కుడి కాలి వేళ్లను మాత్రం నేలకు ఆనించి నిలబడింది. గోడ పట్టుకుందామంటే వరుసలోంచి పక్కకు జరగాలి. జరిగితే వెనకామె ముందుకొస్తుంది. అందుకని పట్టుకోలేదు. ఎస్తేరు ఎక్స్‌రే కవరును గుండెలకు అదుముకొని బిడ్డ పక్కనే నిలబడి, మొహం వంక కాకుండా మోకాలి వంక చూస్తోంది. చీర మాటున అది కనిపించదు. అయినా చూస్తోంది.

వరండా చివరి గది తలుపు తెరుచుకుంది. "మల్లిక ఎవరమ్మా? లోపలికి రండి" అని కేక వినిపించింది.

"నువ్వు పోయి ఇనిరా అమ్మా" అంది మల్లిక. "నేను వరుస ఇడిస్తె మళ్ల కడకు పోవాలె. గీ కాలుతోని ఇంకోసారి నిలవడుడు నాతోని గాదు."

ఎస్తేరు వెళ్లింది. కాళ్ల కసరత్తు నేర్పే మేడం పేరు శ్రీవాణి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. బల్ల మీద చెన్నయ్య అనే ముసలాయన వెల్లకిలా పడుకొని ఉన్నాడు. ఆమె ఒక చేత్తో ఆయన మడమ కింద ఆసరా ఇస్తూ, ఎస్తేరు చేతిలోని కవరు తీసుకొని ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

"నీ బిడ్డేనా పెద్దమ్మా? డాక్టరు సారు చెప్పిండు గద. అరుగుదల. మోకాలు లోపల గుజ్జు తగ్గింది. భయపడేదేం లేదు. కానీ కాలును ఊరికె ఉంచితే ఇంక బిగుసుకపోతది. తొడ కండ గట్టిపడాలె. అది గట్టిగుంటే మోకాలు మీద బరువు పడదు. నువ్వు జర మంచిగ చూడు, ఇంటికి పోయినంక బిడ్డతోని చేపియ్యాలె."

"గుజ్జు అరిగిందంటున్నరు, మళ్ల కదిలిస్తె ఉన్నది గూడ అరగదా బిడ్డా?"

శ్రీవాణి నవ్వింది. "చెప్పు అడుగు లెక్క అరుగుతదనుకుంటున్నవా? గట్ల గాదు. కదిలితేనే దానికి తిండి. చెన్నయ్య తాతా, లేపు. మెల్లగ. మోకాలు వంచకు."

చెన్నయ్య కాలు లేచింది. లేస్తూ ఉండగా ఆయన మోకాలిలో పటుక్కుమంది.

"కీలు చప్పుడే పెద్దమ్మా, ఏం గాదు" అంది శ్రీవాణి, ఎస్తేరు మొహం చూసి.

ఎస్తేరు తల ఊపింది. కానీ ఆమె చెవిలో పడింది చెన్నయ్య మోకాలి చప్పుడు కాదు. ఫ్లోరైడు ఉన్న బోరింగు నీళ్లు ఎముకల్లోకి దిగి కాళ్లు వంకరపోయిన తమ్ముడు బక్కయ్యది. నూనె రాసి మెల్లగా సాగదీస్తే సక్కగవుతాయని మేనమామ పట్టి లాగిన రోజు, తమ్ముడు కదలకుండా భుజాలు నొక్కి పట్టుకున్నది ఎస్తేరే. అప్పుడు వినిపించింది ఇట్లాంటి చప్పుడే. ఆ తరవాత బక్కయ్య మంచం దిగలేదు.

శ్రీవాణి చెబుతూనే ఉంది. పడుకొని చేసేవి, కుర్చీలో కూర్చొని చేసేవి, గోడ పట్టుకొని చేసేవి. చేతులు ఆడిస్తూ, తన కాలే చాపి చూపిస్తూ, చెన్నయ్య కాలును పైకీ కిందికీ కదిలిస్తూ చెప్పింది. మొదట్లో కొంచెం నొప్పి ఉంటుందనీ, దానికి జడిసి ఆపొద్దనీ చెప్పింది. ఎస్తేరు అన్నీ చూసింది. చూసిన ప్రతి కాలూ ఆమెకు మల్లిక కాలే. మల్లిక తాగింది కూడా ఆ బోరింగు నీళ్లే. నల్లాలో కృష్ణ నీళ్లు వాకిట్లోకి వచ్చేనాటికి మల్లికకు పెళ్లయి, పుట్టిన బిడ్డ కూడా పెద్దదైంది.

అడుగుదామనుకుంది. మా తమ్మునికి గిట్లయింది మేడం, నా బిడ్డకు గూడ గదేనా అని. నోటి దాకా వచ్చింది. ఇంతలో చేతికర్రతో ఒకాయన, కోడలి భుజం పట్టుకొని ఒకామె లోపలికి వచ్చారు. అడిగితే అవునంటుందేమో. అవునంటే ఏం చేయాలి? ఎస్తేరు కవరు తీసుకొని బయటికి వచ్చేసింది.

"వచ్చే గురువారం ఆమెనే తోలుకరా పెద్దమ్మా" అని వెనక నుంచి శ్రీవాణి గొంతు వినిపించింది.

నకిరేకల్ నుంచి ఊరికి ఆటోలో మల్లిక కాలు చాపుకోవడానికి ఎస్తేరు సీటు అంచుకు ఒదిగి కూర్చుంది. మల్లిక మందుల సంచిని ఒడిలో పెట్టుకొని అడిగింది.

"ఏమన్నదమ్మా ఆ మేడం?"

"ఏమంటది? అరుగుదలనే అన్నది."

"మరి ఏం జెయ్యాల్నంట?"

ఆటో గతుకులో పడింది. మల్లిక పళ్లు బిగపట్టి మోకాలు పట్టుకుంది. ఆ మొహం చూశాక ఎస్తేరు నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"పండుకోమన్నది బిడ్డా. కాలు కదిలియ్యొద్దన్నది."

"అంతేనా?"

"అంతే."

మల్లిక ఒక్క క్షణం తల్లి వంక చూసింది. తరవాత తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది.

*

మల్లిక ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆమెకు తోడు నాగులమ్మ. ఒక్కరితో అయ్యే పని కాదు కాబట్టి, మరునాడు పొద్దున మల్లికకు బదులు ఎస్తేరు వెళ్లింది. వెళ్లేముందు బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, తల కింద పెట్టుకునే మెత్తను మోకాలి కింద పెట్టింది. మెత్త పెడితే కాలు కొంచెం వంగి, ప్రాణం నిమ్మళించిందన్నట్టు మల్లిక ఊపిరి వదిలింది. ఆ ఊపిరికి ఎస్తేరు మనసు కూడా కుదుటపడింది. ఇంకో మెత్త తెచ్చి దాని మీద వేసింది. వావిలాకు వేడి చేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టింది.

"నీళ్లు దగ్గర వెట్టిన. దొడ్డికి పోవాలంటె నేను వచ్చేదాక ఆగు. లేవకు."

"అంతసేపు ఎట్ల ఆగుతనే?"

"అయితె నీళ్లు తాగకు."

"నువ్వు బతకనిచ్చేటట్టు లేవమ్మా" అని మల్లిక నవ్వింది.

బడి వంటగదిలో పొయ్యి మీదికి అన్నం వండే పెద్ద గంజు ఎక్కించేటప్పుడు ఎస్తేరు నడుము పట్టేసింది. అయినా గంజు దించలేదు. నాగులమ్మ బియ్యం కడుగుతూ, "నీ బిడ్డ ఉంటె నాకు సగం పని ఉండది. నువ్వొస్తె రెండింతలైంది" అంది. ఎస్తేరు సొరకాయలు ముక్కలు చేస్తోంది. పీట మీద కూర్చొని లేవడానికి ఆమెకూ రెండు చేతులూ కావాలి. మల్లిక ఇన్నేళ్లుగా ఇదే పీట మీద కూర్చుంది, ఇదే నేల మీంచి లేచింది. ఆ లేవడం కళ్ల ముందు మెదిలి కత్తి పక్కకు పోయింది. వేలు తెగలేదు, గోరు చీలింది.

పిల్లలు తిని వెళ్లాక హెడ్మాస్టరు రఘుపతి సారు వంటగది గడప దగ్గరికి వచ్చాడు.

"ఎస్తేరమ్మా, మల్లికకు ఎట్లుంది?"

"ఉన్నది సారు. పండుకొని ఉన్నది."

"ఎప్పటికి వస్తది? నీ వయసుకు గీ గంజులు మోసుడు గాదు. మీదికెల్లి వేడి నీళ్లు పడితే నాకు మాటొస్తది. కమిటీల ఉన్నోళ్లు ఇంకో మనిషిని చూద్దామంటున్నరు. నేనే ఆగుండ్రి అన్న. వచ్చే వారం దాక చూస్త."

"వస్తది సారు. తప్పకుంట వస్తది."

అనేసింది గానీ, ఎట్లా వస్తుందో ఆమెకే తెలియదు. పండుకోబెట్టిన మనిషి వారం తిరిగేసరికి గంజు ఎత్తడానికి ఎట్లా వస్తుంది? దారి పొడవునా ఆ లెక్క తెగలేదు. చేపిస్తే ఇరుగుతదేమో. చేపియ్యకుంటే పని పోతది. పని పోయినా మల్లిక బతుకుతది. కాలు ఇరిగితే బతకది. తను చేసిందే నయం. అట్లా అనుకున్న ప్రతిసారీ శ్రీవాణి నవ్వు మొహం గుర్తుకొచ్చి, చెంగుతో మొహం తుడుచుకుంది.

ఇంటికి వచ్చేసరికి మల్లిక నిద్రపోతోంది. పట్టపగలు, మొహం మీద ఎండ పడుతున్నా కదలకుండా, నోరు కొంచెం తెరుచుకొని నిద్రపోతోంది. పెళ్లయిన తరవాత ఈ పిల్ల పగటి పూట కన్ను మూయడం ఎస్తేరు చూడలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఎండ పడకుండా కిటికీకి గుడ్డ కట్టింది.

సాయంత్రం మేళ్లచెరువు నుంచి అల్లుడు వీరేశం ఫోన్ చేశాడు. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని అతనికి. ఆదివారం డ్యూటీ పడింది, ఈ వారం రాలేనన్నాడు.

"డాక్టరు ఏమన్నడు అత్తమ్మా? మల్లికను అడుగుతె అమ్మకు తెలుసు అంటాంది."

"పండుకోమన్నరు కొడుకా."

"ఎన్ని రోజులు?"

"తగ్గేదాక."

"గదేంది, మా దగ్గర ఒకాయనకు గిట్లనే మోకాళ్ల నొప్పులైతె నడువుమన్నరు, ఏవో ఎక్సర్‌సైజులు చెప్పిండ్రు."

"ఆయన మోకాలు వేరే, ఈమె మోకాలు వేరే" అంది ఎస్తేరు. ఆమె గొంతు ఎందుకు అంత గట్టిగా వచ్చిందో వీరేశానికి అర్థం కాలేదు. సరే అత్తమ్మా అని పెట్టేశాడు. మంచం మీది నుంచి మల్లిక ఇటే చూస్తోంది. ఎస్తేరు ఫోన్‌ను బిడ్డ చేతికి ఇవ్వకుండా గూట్లో పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్లింది.

*

ఆదివారం చర్చిలో ఆడవాళ్లంతా చాప మీద మోకరించి ఉన్నారు. పాస్టరమ్మ మంజులత, "మన మల్లిక కాలు కోసం ఎస్తేరమ్మ ప్రార్థన చేస్తది" అంది. ఎప్పుడూ ముందు గొంతెత్తేది ఎస్తేరే. అందరూ తలలు వంచి ఎదురు చూశారు.

"ప్రభువా" అంది ఎస్తేరు. తరవాతి మాట రాలేదు. బాగు చెయ్యమని అడగాలి. బాగయ్యే దారి ఇప్పటికే ఒక పిల్ల నోట చెప్పించాడు. దాన్ని నోట్లోనే ఆపుకొని మళ్లీ ఆయన్నే అడగడం ఎట్లా? "ప్రభువా, నా బిడ్డ... నా బిడ్డ" అని రెండుసార్లు అని ఆగిపోయింది. పక్కనున్న ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఏడవకు అక్కా అంది. ఎస్తేరు ఏడవడం లేదు. ఆ చెయ్యి బరువుకే ఇంకా ఒదిగిపోయింది.

సోమవారం తెల్లారి మల్లిక పిలిచింది. ఆ పిలుపులో ఏదో ఉంది. ఎస్తేరు పొయ్యిలో పెట్టబోతున్న కట్టెను అక్కడే వదిలి పరిగెత్తింది.

"అమ్మా, కాలు సక్కగ వస్తలేదే."

మెత్తలు తీసేశారు. మల్లిక రెండు కాళ్లూ చాపింది. ఎడమ కాలు మంచానికి ఆనింది. కుడి కాలు ఆనలేదు. మోకాలి కింద చెయ్యి దూరేంత సందు. మల్లిక నొక్కి చూసింది. తొడ వణికింది గానీ సందు తగ్గలేదు.

ఎస్తేరు ఆ సందు వంక చూస్తూ నిలబడింది. బక్కయ్యకు మొదలైంది కూడా ఇట్లాగే. పొద్దున్నే లేచి, అక్కా, కాలు ఆనుతలేదు అన్నాడు.

"దొడ్డికి పోవాలె, పట్టుకో" అంది మల్లిక.

పట్టుకొని తీసుకెళ్లింది. మల్లిక కూర్చోవడం ఎట్లాగో కూర్చుంది. లేవలేకపోయింది. "అమ్మా" అని ఒక్కసారే పిలిచింది, సిగ్గుతో సన్నగా. ఎస్తేరు లోపలికి వెళ్లి చంకల కింద చేతులు వేసి లేపింది. నలభై దాటిన బిడ్డ బరువు మొత్తం ఆమె మీద పడింది. మల్లిక కుడి తొడ తన తొడకు తగిలితే, అందులో పట్టు లేదు. వారం కింద ఈ తొడ గంజులు ఎత్తింది. ఇద్దరూ గోడకు ఆనుకొని కాసేపు రొప్పుతూ నిలబడ్డారు.

అప్పుడు గుర్తుకొచ్చింది ఎస్తేరుకు. ఆ రోజు గదిలో చెవుల్లో పాత చప్పుడు మోగుతుండగా శ్రీవాణి చెప్పిన మాట. మోకాలు కింద మెత్త పెట్టకు పెద్దమ్మా, సుఖంగనే ఉంటది గని కాలు వంగినకాడనే బిగుస్తది. విన్నది. విననట్టు అయిపోయింది. ఆ మాట ఇప్పుడు, బిడ్డను మోస్తున్నప్పుడు, పూర్తిగా వినిపించింది.

"ఏమైందే, గట్ల సూస్తున్నవు?" అంది మల్లిక.

"ఏం లేదు. నడుము పట్టింది" అంది ఎస్తేరు.

*

ఆ రోజు బడిలో పప్పు రెండుసార్లు అడుగంటింది. నాగులమ్మ తిట్టలేదు గానీ గంటె లాక్కుంది. పిల్లలు తిన్నాక గిన్నెలు తోమి, నాగులమ్మ వంటగది బయటి గద్దె మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. కొంగులోంచి తువ్వాల తీసి, అందులో ఉప్పు ప్యాకెట్ మూట కట్టి, దాన్ని చీలమండకు బిగించుకుంది. చేతులు వెనక్కి ఆనించి, కాలును మెల్లగా పైకి లేపింది.

ఎస్తేరు చేతిలోని పళ్లెం జారింది. ఉరికి వెళ్లి ఆ కాలును రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దు వదినే! వద్దు, ఇరుగుతది!"

"ఇడువు! నా కాలు ఇరిగితె నువ్వు మోసుకపోతవా ఏంది, గంత గట్టిగ పట్టుకున్నవ్?" నాగులమ్మ నవ్వు బడి గోడ దాకా వినిపించింది. "ఇరిగేదుంటె ఎండకాలంలనే ఇరగాలె. అప్పటిసంది చేస్తున్న. నీకెరుక లేదా, నాకు గూడ మోకాళ్ల నొప్పులైనయి. పీట మీదికెల్లి లేవాలంటె మల్లిక భుజం పట్టుకునేదాన్ని. ఇప్పుడు సూడు."

కాలుకున్న మూట విప్పి, గద్దె దిగి, నేల మీద చతికిలబడి, ఒక్క చెయ్యే నేలకు ఆనించి లేచింది. లేచేటప్పుడు మూలిగింది గానీ లేచింది.

"నొప్పి పోయిందా?"

"ఎక్కడి పోవుడు? ఉన్నది. దాని మాట నేనే ఇనుడు తగ్గించిన."

ఎస్తేరు గద్దె అంచున కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది. "వదినే, మనం తాగిన నీళ్లు... బోరింగు..."

"ఆ, గదే నేను గూడ అడిగిన శ్రీవాణి మేడంను. మీ బక్కయ్యను సూసినోళ్లం, భయం కాదా? మనిద్దరం ఒక్క బోరింగు కాడ బిందెల కోసం జుట్లు పట్టుకున్నోళ్లమే గద. ఫోటో సూసి, డాక్టరు సారుకు గూడ సూపిచ్చి, నీకు గది లేదు, గిది ఉత్త అరుగుడే అన్నది. గదున్నోళ్లకు వేరే తీరుగ చెప్తరట. మల్లిక ఫోటో గూడ సూసే ఉంటది. నువ్వు అడగలేదా?"

ఎస్తేరు పళ్లెం ఏరుకోవడానికి వంగింది. "అడిగిన" అంది.

"ఏమన్నది?"

"గట్లనే అన్నది."

"మరింకేంది? మల్లిక చేస్తుందా?"

"చేస్తాంది."

నాగులమ్మ మొహంలోకి చూడలేదు ఎస్తేరు. పళ్లెం మీద మట్టి లేకపోయినా చెంగుతో తుడిచింది.

"అయితె సాయంత్రం వస్త. ఒక్కదానికి చేస్తె యాష్టకొస్తది. ఇద్దరం ముచ్చట వెట్టుకుంట చేసుకుంటం."

వద్దనడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు ఎస్తేరుకు. ఇంటిదారి పట్టింది. నాగులమ్మ వచ్చేలోపు తనే చెప్పేయాలి. చెబుతాను అనుకుంటూ మలుపు తిరిగింది. బిడ్డా, నేను అబద్ధం చెప్పిన. ఎన్నిసార్లు అనుకున్నా తరవాత మల్లిక ఏమంటుందో అక్కడ ఆగిపోయేది. తిడితే పడొచ్చు. తిట్టకుండా ఆ వంగిన కాలు వంక చూసుకుంటే? ఇంట్లో అడుగు పెట్టేసరికి మల్లిక కూర్చొని ఉల్లిగడ్డలు పొట్టు తీస్తోంది. "వచ్చినవా? మొహమేంది గట్లున్నది?" అంది. ఎస్తేరు నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. పొయ్యి రాజేసింది. ఊదుగొట్టంతో ఊదుతూ, ఈ మంట అంటుకోగానే చెబుతాను అనుకుంది. మంట అంటుకుంది. అంతలోనే వాకిట్లో నాగులమ్మ గొంతు.

"ఏందే మల్లికా, మహారాణి లెక్క మంచమెక్కినవట!"

"రా అత్తా, కూసో. నీకు గూడ జాగా ఉన్నది."

నాగులమ్మ మంచం అంచున కూర్చొని మల్లిక కాలును చేత్తో తడిమింది. ఆమె చెయ్యి మోకాలి కింది సందు దగ్గర ఆగింది. మొహంలో నవ్వు తగ్గింది.

"గిదేంది, గిట్ల బిగిసింది? నువ్వు చేస్తలేవా? శ్రీవాణి మేడం చెప్పినవి?"

పొయ్యి దగ్గర ఎస్తేరు ఊదుగొట్టం పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. వీపు మీద బిడ్డ చూపు పడటం తెలిసింది. తిరగలేదు. పొగ కళ్లలోకి పోతున్నా మొహం పక్కకు తిప్పుకోలేదు.

"చేస్తున్నత్తా" అంది మల్లిక. "నొప్పి ఎక్కువైతె నేనే ఆపిన. అమ్మ చెప్పుతనే ఉన్నది, నేనే ఇనలే."

"ఇనాలె గదనే! మీ అమ్మ అసలే పిట్ట గుండె మనిషి, పాపం పొద్దటిసంది పప్పు మాడగొడుతాంది నీ ఫికర్ల. రేపటిసంది సురువు చెయ్యి. లేకుంటె సారు ఇంకో మనిషిని తెస్తడు. కొత్తదానికి నేను పని నేర్పియ్య, ముందుగాల్నే చెప్తున్న."

ఇంకాసేపు కూర్చొని, తన కాలు లేపి చూపించి, చాయ తాగి నాగులమ్మ వెళ్లిపోయింది. ఎస్తేరు ఆమె తాగిన గ్లాసును కడిగింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

"అమ్మా, ఇటు రా" అంది మల్లిక.

ఎస్తేరు వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ రోజు మందుల కాడికెల్లి నేను సూసిన. తలుపు తెరిచే ఉండె. ఆమె ఆ ముసలాయన కాలు లేపుతాంది, దించుతాంది. తన కాలు చాపుతాంది. పండుకోమనేటానికి గంత కత ఎందుకు చేస్తది?"

"తెల్సి... తెల్సి ఎందుకు అడగలేదు బిడ్డా నన్ను?"

మల్లిక ఒడిలో ఉన్న ఉల్లిపొట్టును వేళ్లతో నలిపింది.

"అడుగుదామనే అనుకున్న. కానీ ఆటోల నువ్వు పండుకోమన్నదన్నవు సూడు, ఆ మాట సల్లగ తాకింది నాకు. పండుకో అని నాకు ఎవలు చెప్పిండ్రమ్మా ఇన్నొద్దులల్ల? కాలు నొస్తే గోలి ఏసుకో అన్నోళ్లే గని పండుకో అన్నోళ్లు లేరు. అబద్ధమైతె అబద్ధమాయె అనుకున్న. పండుకున్న. బిగుస్తాందని రెండోనాడే ఎరుకైంది. అయినా పండుకున్న. తప్పంత నీదే గాదు."

ఎస్తేరు మంచం కోడు పట్టుకుంది. తిడతవనుకున్న. తిట్టు బిడ్డా. తిడితే సగం దిగేది. నోరు తెరిచింది గానీ వచ్చింది వేరే మాట.

"బక్కయ్య మామ లెక్క అయితదని... నేనే పట్టుకొని కూసున్న బిడ్డా, భుజాలు. లేవకుంట."

"ఎరికె. నువ్వు నిద్రల గూడ గదే అంటవు." మల్లిక పొట్టును కింద పారేసి వెల్లకిలా పడుకుంది. "సరే. ఏమేం చెప్పిందో చూపియ్యి."

"రేపు దవాఖానకు పోదాం. ఆమెనే అడుగుదాం. నేను తప్పు చెప్తనేమో..."

"రేపు పోదాం. ఇప్పుడు నీకు గుర్తున్నది చూపియ్యి. లేకుంటె రేపటికి నీకు ఇంకో భయం దొరుకుతది."

గుర్తుండకపోవడమా? అన్నం తింటున్నా, గిన్నెలు తోముతున్నా, ప్రార్థనలో తల వంచినా ఎస్తేరు కళ్ల ముందు తిరిగింది అవే. ఏ కాలు, ఎంత ఎత్తు, ఎక్కడ ఆపాలి, ఎప్పుడు ఊపిరి వదలాలి. దాచిపెట్టినవి కాబట్టి వాటిలో ఒక్కటీ పోలేదు.

"ముందుగాల ఇది. అన్నిట్ల సులువుది" అంది. "మోకాలు కింద చిన్నగ చుట్టిన తువ్వాల పెట్టాలె. దాన్ని మోకాలుతోని కిందికి ఒత్తాలె. ఒత్తి పట్టుకోవాలె, మళ్ల ఇడువాలె. అంతే. ఆగు, తువ్వాల తెస్త."

లేవబోతుంటే మల్లిక చెయ్యి పట్టుకుంది.

"నువ్వు లేస్తె మళ్ల రావు. నీ సంగతి నాకెరికె. చెయ్యి పెట్టు."

ఎస్తేరు అరచెయ్యిని వెల్లకిలా తిప్పి ఆ సందులోకి జరిపింది. మోకాలి వెనక చర్మం వెచ్చగా తగిలింది. పుట్టిననాడు నీళ్లు పోసినప్పుడు ఎంత మెత్తగా ఉందో అంత మెత్తగా ఉంది అక్కడ.

"ఒత్తు" అంది. "ఒత్తు బిడ్డా."

మల్లిక ఒత్తింది. మొదట తొడ మీద చర్మం మాత్రమే కదిలింది. తరవాత లోపలెక్కడో కండ ముడిపడి, ఆగి, వణికి, మోకాలు కొంచెం దిగింది. ఎస్తేరు వేళ్లు మంచం పట్టెకు నొక్కుకుపోయాయి. చీలిన గోరు నవారులో ఇరుక్కొని మండింది. మల్లిక మొహం గోడ వైపు తిప్పుకొని ఉంది. దవడ బిగిసి ఉంది. ఆ బిగువు నొప్పిదో, ఈ నాలుగు రోజులదో ఎస్తేరుకు తెలియలేదు. బిడ్డ బలమంతా, ఉన్నంత బలం, తన చేతి మీదికే దిగుతోంది. ఇంత ఉందా ఇంకా ఈ కాలులో అనుకుంది.

"నీ చెయ్యి నొస్తాందా?" అంది మల్లిక, గోడ వైపే చూస్తూ.

"నొస్తలేదు."

"అబద్ధం."

"నొస్తాంది" అంది ఎస్తేరు. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఇంక జర ఒత్తు."